పడదంటే ఏమిటి?

మొన్న కనుమనాడు మా ఇంట్లో బంతి వేశాం. పదకొండు మందిమి. వడ్డన సగానికి వచ్చేసరికి గరిటె పట్టుకున్న మా ఆవిడకి ఓపిక నశించింది. పెద్దమ్మకి వంకాయ పడదు. బావగారికి రొయ్యలు పడవు. నలభై ఏళ్లు ఇష్టంగా తిన్న మనిషికి రెండేళ్ల నుంచీ పడటం లేదు. మేనల్లుడికి పాలు పడవు కనుక పాయసం వద్దు. వీధి చివరి మాస్టారు అరిసె తుంచి, "తెల్లబెల్లంతో చేశారా, నల్లబెల్లంతోనా?" అని అడిగి, జవాబు విని పక్కన పెట్టేశారు. ఇక మా చెల్లెలి కూతురు, మూడేళ్లది. దానికి జీడిపప్పు పడదు. తల్లి దాని ఆకు పక్కనే కూర్చుని ఎవరి చెయ్యీ అటు రాకుండా కాపలా కాసింది.

"మా కాలంలో ఇన్ని పడకపోవడాలు లేవు నాయనా. ఒక్క పలుకు తింటే పిల్లకి ఏమైపోతుంది?" అంది పెద్దమ్మ, తన వంకాయ సంగతి మరిచిపోయి.

ఏమైపోతుందో చెప్పాలి కనుకే ఇది రాస్తున్నాను. ఆ బంతిలో అందరి నోటా వినిపించింది ఒకటే మాట, "పడదు". దాని వెనక ఉన్నవి మాత్రం అయిదు వేరువేరు సంగతులు. ఒకటి ప్రాణం తీయగలదు. ఒకటి కడుపుబ్బరంతో సరిపెడుతుంది. ఒకదాంట్లో తిండి తప్పే లేదు, అందులో కలిపినదాని తప్పు. ఆ రోజూ, ఆ తర్వాత వారం పదిరోజులూ ఇంటా బయటా నన్ను అడిగిన ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాను. చదివీ, డాక్టర్లను అడిగీ తెలుసుకున్నది చెబుతున్నాను.

అలర్జీ అంటే ఒంట్లో అసలేం జరుగుతుంది?

మన రక్తంలో క్రిములతో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. వాటిలో ఒక రకం ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ, పొట్టిగా ఐజీఇ. కడుపులో పురుగుల్లాంటి పరాన్నజీవుల పని పట్టడం దాని ఉద్యోగం. కొందరిలో అది జీడిపప్పులోనో, రొయ్యలోనో, గుడ్డులోనో ఉన్న ప్రొటీన్ మీద పగబడుతుంది. మొదటిసారి తిన్నప్పుడు పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం ఆ ఒక్క ప్రొటీన్‌నే గుర్తుపట్టే ఐజీఇ తయారై, చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కూర్చుంటుంది. ఆ కణాల నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. మళ్లీ ఎప్పుడో అదే ప్రొటీన్ వచ్చి ఐజీఇకి తగిలిందా, నిమిషాల్లో ఆ హిస్టమిన్ అంతా బయటికి ఒలికిపోతుంది. చర్మంలో ఒలికితే దద్దుర్లు, పెదవుల్లో అయితే వాపు, కడుపులో అయితే వాంతులు, ఊపిరి గొట్టాల్లో అయితే పిల్లికూతలు. ఒంట్లోని రక్తనాళాలన్నీ ఒక్కసారి వదులైపోతే బీపీ పడిపోయి మనిషి కూలబడతాడు. అంతదాకా వచ్చిన దశను అనాఫిలాక్సిస్ అంటారు.

ఇది రక్తంలో ఉన్నదేదో చేసే పని అని తేల్చిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. 1921లో జర్మనీలో కార్ల్ ప్రౌస్నిట్జ్, హైన్జ్ కూస్ట్నర్ అనే ఇద్దరు డాక్టర్లు ఉండేవాళ్లు. కూస్ట్నర్‌కి చేప పడదు. ప్రౌస్నిట్జ్‌కి పడుతుంది. కూస్ట్నర్ రక్తంలోంచి సీరం తీసి ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప రసం ఎక్కించుకుంటే ఆ ఒక్కచోటే దద్దురు లేచింది. ఒకాయన అలర్జీ ఇంకొకాయన పొట్టమీద తేలిందన్నమాట. ఆ సీరంలో ఉన్నది ఐజీఇ అని తేలడానికి మరో నలభై అయిదేళ్లు పట్టింది. 1966లో ఇషిజాకా దంపతులు దాన్ని పట్టుకున్నారు.

అయితే పెద్దమ్మ వంకాయ కూడా ఇదేనా?

చాలావరకు కాదు. వంకాయ తిన్నాక నాలుక జిలపెట్టడం, గొంతు దురద, ఒళ్లు గోక్కోవడం మన ఇళ్లలో ఎంత మామూలంటే, పథ్యం అనగానే మొదట కొట్టేసే కూర అదే. దీన్ని ఎవరూ పట్టించుకోలేదనుకుంటాం కానీ, పట్టించుకున్నారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవాళ్లు అక్కడి డాక్టర్లతో కలిసి 741 మందిని వంకాయ కోసమే పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చువేశారు. పదింట ఒక వంతుకు కాస్త తక్కువమందిలో ఏదో ఒక తేడా కనిపించింది. ఐజీఇతో వచ్చే అచ్చమైన అలర్జీ మాత్రం 0.8 శాతమే. ఆ కొద్దిమందిలోనూ ఆడవాళ్లే ఎక్కువ.

మిగతావాళ్ల దురద అబద్ధం కాదు. వంకాయలోనే హిస్టమిన్, దాని చుట్టపు రసాయనాలు కొంత ఉంటాయి. ఒళ్లు దాన్ని ఒలికించనక్కర్లేదు, కూరతోపాటే వచ్చేస్తుంది. అందుకే ఒకటి రెండు ముక్కలు తింటే ఏమీ కాక, గుత్తివంకాయ నాలుగు లాగిస్తే దురద పుట్టడం. ఇక్కడ గట్టి తేడా ఒకటి గుర్తుపెట్టుకోవచ్చు. ఎక్కువ తింటేనే తేడా చేసేది సాధారణంగా అలర్జీ కాదు. అచ్చమైన అలర్జీకి పిసరంత చాలు.

ఇలాంటిదే చేపల్లోనూ ఉంది. సూర, కానాగంత, కవళ్లు లాంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. పట్టాక ఐసు సరిగా పెట్టకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న అరగంటకి ముఖం ఎర్రబడి, తలపోటు, దద్దుర్లు. "చేప పడలేదు" అంటాం. ఒకే కూర తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చిందంటే అది చేపలో ఉన్న దోషం, మీలో కాదు. వారం పోయాక తాజా చేప నిశ్చింతగా తినొచ్చు.   

నలభై ఏళ్లు తిన్న రొయ్యలు ఇప్పుడెందుకు పడటం లేదు?

ఇది బావగారి ప్రశ్న. ఆయన పూడిమడక దగ్గర పెరిగిన మనిషి. ఆయన దుఃఖం నాకు అర్థమవుతుంది.

అలర్జీ పిల్లలకే వస్తుందన్నది అపోహ. పాలు, గుడ్డు చిన్నతనంలో మొదలై చాలామందికి బడి వయసు, మహా అయితే టీనేజీ నాటికి వదిలేస్తాయి. రొయ్య, పీత లాంటివి పెద్దయ్యాక మొదలై, వచ్చాక సాధారణంగా వదలవు. రొయ్యలో దోషి ఎవరో తేల్చినవాళ్లు మనదేశంవాళ్లే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు బృందం మన తూర్పు తీరంలో దొరికే తెల్లరొయ్య మీదే పనిచేసి, అది ట్రోపోమయోసిన్ అనే కండ ప్రొటీన్ అని 1993లో చెప్పింది. ఆ ప్రొటీన్ వేడికి లొంగదు. వేపుడైనా, ఇగురైనా, ఎండురొయ్యల పొడైనా ఒకటే. ఉడుకుతున్న కుండ ఆవిరి పీల్చినా కొందరికి ఆయాసం వస్తుంది.

ట్రోపోమయోసిన్ రొయ్యలోనే కాదు, బొద్దింకలోనూ, పరుపుల్లో, దిళ్లలో పెరిగే డస్ట్ మైట్ అనే కంటికి కనిపించని పురుగులోనూ దాదాపు అదే రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ ధూళి పీల్చి, దానిమీద పుట్టిన ఐజీఇ, రొయ్యను చూసి కూడా అదేననుకోవచ్చు. పెద్దవయసులో రొయ్యలు తిరగబడటానికి ఇదొక కారణమని శాస్త్రజ్ఞుల అంచనా. రొయ్య పడనివాళ్లు పీతకి కూడా దూరంగా ఉండటం మంచిది. చేప వేరు. దాని ప్రొటీన్ పార్వాల్బుమిన్. రొయ్య పడనివాళ్లలో చాలామందికి చేప హాయిగా పడుతుంది. డాక్టరుతో తేల్చుకుంటే బావగారికి పులస సీజనైనా మిగులుతుంది.

ఇంకో చిక్కు. ఒకసారి వచ్చి, ఒకసారి రాకపోతే? పెద్దవాళ్లలో తిండికి తోడు ఇంకేదో కలిసినప్పుడే అలర్జీ బయటపడటం ఉంది. రొయ్యలు తిని నొప్పి మాత్ర వేసుకోవడం, మందు తాగడం, తినగానే పరుగో ఆటో. గోధుమ విషయంలో ఇది బాగా తెలిసిన సంగతి: చపాతీ తిని కుర్చీలో కూర్చుంటే ఏమీ కాదు, తిని షటిల్ ఆడితే ఒళ్లంతా దద్దుర్లు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఏం తిన్నారో ఒక్కటే కాదు, ఆ రెండు మూడు గంటలూ ఏం చేశారో కూడా రాసుకుని వెళ్లండి.

మేనల్లుడి పాలు?

పాలు తాగితే కడుపు ఉబ్బడం, గ్యాసు, ఒక్కోసారి విరేచనాలు. పెరుగు, మజ్జిగ మాత్రం ఎంతైనా లాగిస్తాడు. ఇది అలర్జీ కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ పసితనం దాటాక తగ్గిపోవడం. 1981లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఢిల్లీవాళ్లలో 27 శాతం మందికీ, దక్షిణాదివాళ్లలో 66 శాతం మందికీ ఈ లోటు కనిపించింది. అంటే మన దగ్గర ఇదే మామూలు, అరిగేవాళ్లే తక్కువ. పెరుగులో లాక్టోజ్‌ని బ్యాక్టీరియా కొంత ముందే తినేస్తుంది, అందుకే అది సుఖం. పాయసం ఒక చిన్న గిన్నెడు తిన్నా వాడికేమీ కాదని మేనల్లుడికి చెప్పాను. మర్నాటికి ఫ్రిజ్‌లో గిన్నె ఖాళీ.

పసిబిడ్డ విషయం వేరు. డబ్బాపాలో, ఆవుపాలో పట్టిన నిమిషాల్లో దద్దుర్లు, వాంతి, ముఖం వాపు వస్తే అది పాల ప్రొటీన్‌కి అలర్జీ. అప్పుడు మన ఊళ్లలో వెంటనే వచ్చే సలహా, "మేకపాలు పట్టండమ్మా, తేలిక" అని. వద్దు. ఆవు, గేదె, మేక పాల ప్రొటీన్లు అక్కచెల్లెళ్లు. ఒకటి పడని బిడ్డల్లో అత్యధికులకు మిగతావీ పడవు.

మాస్టారు బెల్లం రంగు ఎందుకు అడిగారు?

ఇది అనకాపల్లివాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాల్సిన జవాబు.

మాస్టారికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. తెల్లగా, పసుప్పచ్చగా మెరిసే బెల్లంతో చేసినవి తింటే పది పదిహేను నిమిషాల్లో ఛాతీ పట్టేస్తుందని ఆయనే కనిపెట్టుకున్నారు. ఇంట్లోవాళ్లు ఏళ్లపాటు ఆయన చాదస్తమన్నారు. చాదస్తం కాదు. చెరకురసం కాచినప్పుడు సహజంగా వచ్చే రంగు ముదురు గోధుమ. కొనేవాళ్లకి మెరుపు కావాలి. మార్కెట్ యార్డులో దిమ్మ రంగును బట్టే ధర. అందుకని బెల్లం వండేటప్పుడు రంగు విరగడానికి హైడ్రోస్ వేస్తారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. దాన్నుంచి బెల్లంలో సల్ఫైట్లు మిగులుతాయి. నోట్లో, కడుపులో వాటినుంచి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఆ వాయువు తగలగానే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఇందులో సాధారణంగా ఐజీఇ ప్రమేయం లేదు, కనుక చర్మపరీక్షలో దొరకదు. ఆయాసం మాత్రం నిజం.

లెక్క చూడండి. బెల్లంలో కిలోకి 70 మిల్లీగ్రాముల దాకా సల్ఫర్ డయాక్సైడ్‌ని మన ఆహార నిబంధనలు అనుమతిస్తాయి. అదే ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం, ఏ ప్యాకెట్‌లోనైనా సల్ఫైట్లు కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఆ సంగతి అలర్జీ హెచ్చరికగా అచ్చువేయాలి. అంటే అనుమతించిన పరిమితిలో ఉన్న బెల్లం కూడా హెచ్చరిక గీతకి ఏడు రెట్ల దాకా ఉండొచ్చు. ప్యాకెట్ బెల్లానికి లేబుల్ ఉంటుంది. గోనెసంచిలో వచ్చే దిమ్మకి లేబుల్ ఎక్కడ అతికిస్తారు? మనం కొనేది దిమ్మే.

1913 నుంచీ చెరకు మీద పరిశోధన చేస్తున్న కేంద్రం అనకాపల్లిలోనే ఉంది. రసం విరగ్గొట్టి మడ్డి తీయడానికి బెండమొక్క జిగురు లాంటివి పనికొస్తాయన్నది కొత్త సంగతేమీ కాదు. రైతుకి తెలియక కాదు; ముదురు బెల్లానికి ధర రాకపోవడమే అసలు జబ్బు. పైగా నల్లబెల్లం నాలుగు దిమ్మలు ఎక్కువ కొంటే సారా కాస్తావా అని అనుమానంగా చూసే రోజులు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం హైడ్రోస్ వేయని బెల్లం అడిగి తెచ్చుకోండి, రంగు చూసి మోజుపడకండి. మెరిసే పసుప్పచ్చ కిస్మిస్‌లో కూడా సల్ఫైటే. రొయ్యలు నల్లబడకుండా చల్లే పొడి కూడా దాని కుటుంబమే. బావగారి కేసులో ఇది కాదని కూడా తేల్చుకోవాల్సి ఉంది.

జీడిపప్పు పాపకి ఏమవుతుంది? అప్పుడేం చెయ్యాలి?

పెద్దమ్మ ప్రశ్నకి ఇదీ జవాబు.

పాపకి రెండో ఏట మాడుగుల హల్వా గోరంత ముక్క పెట్టారు. అయిదు నిమిషాల్లో పెదవి వాచింది, ఒళ్లంతా దద్దుర్లు, రెండు వాంతులు, తర్వాత గొంతు బొంగురుపోయి ఒకటే దగ్గు. హల్వాలో గోధుమపాలు ఉంటాయి కదా, పాలు పడలేదనుకున్నారు మొదట. గోధుమపాలు పాలు కాదు, నానబెట్టిన గోధుమల్ని రుబ్బి పిండిన రసం. ఆ ఒక్క ముక్కలో గోధుమ, నెయ్యి, జీడిపప్పు, బాదం నాలుగూ ఉన్నాయి. తర్వాత పరీక్షల్లో జీడిపప్పు అని తేలింది. నర్సీపట్నం వైపు జీడితోటల మధ్య పుట్టిన పిల్లకి జీడిపప్పు పడకపోవడం విడ్డూరం అన్నారు చుట్టాలు. జీడిపప్పు పడనివాళ్లకి పిస్తా కూడా పడకపోవడం మామూలే, రెండూ ఒకే కుటుంబం. మామిడి కూడా ఆ కుటుంబమే, కానీ పండు సాధారణంగా ఏమీ చేయదు. సొన తగిలి మూతి పొక్కడం చర్మానికి సంబంధించిన వేరే గొడవ.

ఇప్పుడు అసలు సంగతి. దద్దుర్లు మాత్రమే వచ్చి ఆగితే అలర్జీ మాత్రతో తగ్గుతాయి. దద్దుర్లకి తోడు దగ్గు, పిల్లికూతలు, గొంతు మార్పు, ఊపిరి ఆడకపోవడం, పదేపదే వాంతులు, బిడ్డ వాలిపోవడం, మగతగా అవడం వీటిలో ఏ ఒక్కటి కలిసినా అది అనాఫిలాక్సిస్. తెలిసిన అలర్జీ తిండి తిన్నాక దద్దుర్లు లేకుండానే ఊపిరి ఆడకపోయినా అదే లెక్క. దానికి మందు ఒక్కటే, ఎడ్రినలిన్ ఇంజక్షన్. తొడ బయటివైపు మధ్యలో, కండలోకి. ఎంత అన్నది బిడ్డ బరువును బట్టి డాక్టరు లెక్క కడతారు. అది బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని తెరిచి, వదులైన రక్తనాళాల్ని బిగిస్తుంది. అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే ఇంకోటి ఇస్తారు. ఖరీదైనదేమీ కాదు, ఏ ఆసుపత్రిలోనైనా ఉంటుంది.

మన దగ్గర జరిగే పొరపాటేమిటంటే, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తడం, ఆయన ఒక అవిల్, ఒక డెక్సా వేయడం, "తగ్గిపోద్ది లెండి" అనడం. అవిల్ దురదని తగ్గిస్తుంది. పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. డెక్సా పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ గంటలే బిడ్డకి లేనివి. నా చిన్నతనంలో ఒంటినిండా దద్దుర్లు లేస్తే గొంగళి కప్పి కూర్చోబెట్టేవారు. ఒట్టి దద్దుర్లయితే గొంగళి కిందైనా అవే తగ్గుతాయి, కనుక గొంగళికి మంచి పేరొచ్చింది.

108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. లేపి నిలబెట్టకండి, నడిపించకండి. అనాఫిలాక్సిస్‌లో హఠాత్తుగా లేచి నిలబడటమే కొందరి ప్రాణం మీదికి తెచ్చింది. గొంతులో వేలుపెట్టి కక్కించకండి, నిమ్మరసం పట్టకండి. ఇంజక్షన్‌తో తేరుకున్నా వెంటనే ఇంటికి తెచ్చేయొద్దు. కొన్ని గంటల తర్వాత రెండోసారి తిరగబెట్టడం ఉంది, ఆసుపత్రిలోనే ఉంచాలి.

అమెరికాలో అయితే ఇలాంటి పిల్లల తల్లులు పెన్నులాంటి ఎడ్రినలిన్ ఇంజక్షన్ సంచిలో వేసుకు తిరుగుతారు, బట్టలమీంచే పొడిచేయొచ్చు. మన మందుల షాపుల్లో అది సులువుగా దొరకదు. మా చెల్లెలికి డాక్టరు ఆంప్యూల్, సిరంజి ఇచ్చి, ఎంతవరకు ఎక్కించాలో సిరంజి మీద గీత చూపించి, నారింజపండు మీద సాధన చేయించారు. మూడు నారింజలు పోయాక చెయ్యి కుదిరింది.

పరీక్ష చేయిస్తే తేలిపోతుందిగా?

తేలదు. అనుమానం ఉన్న ఒకటి రెండు తిళ్లకి చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష, లేదా రక్తంలో ఐజీఇ పరీక్ష, జరిగిన కథతో కలిపి చూస్తేనే అర్థం. పాజిటివ్ వచ్చిందంటే ఐజీఇ ఉందని మాత్రమే. తింటే తేడా చేస్తుందని కాదు. కర్ణాటకలో 11,791 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పెద్ద సర్వే 2016లో వెలువడింది. తిండికి ఐజీఇ ఉన్నవాళ్లు 26.5 శాతం. నిజంగా అలర్జీ ఉండొచ్చనిపించినవాళ్లు 1.2 శాతం. ఆ సర్వే కుటుంబంలోదే, పిల్లల మీద జరిగిన ఇంకోదాంట్లో మనదేశపు అంకె 0.14 శాతం. అంటే లాబ్ కాగితం చూసి తిండి మానేస్తే, ఇరవై మందికి పైగా ఊరికే మాడితే గానీ ఒక అసలువాడు దొరకడు.

ఒక్క రక్తపు చుక్కతో రెండు వందల తిళ్ల జాబితా ఇస్తామనే ప్యాకేజీలు ఉన్నాయే, వాటిలో చూసేది ఐజీజీ అనే వేరే యాంటీబాడీ. తరచూ తినేదానికి అది పెరగడం ఆరోగ్య లక్షణం. ఆ జాబితా పట్టుకుని పిల్లలకి పాలు, గోధుమ, పప్పు అన్నీ మాన్పించి బక్కచిక్కించిన తల్లిదండ్రుల్ని చూశాను. డబ్బు దండగ అని మెత్తగా అనలేను. హాని.

ఆఖరి తీర్పు తినిపించి చూడటమే. ఆసుపత్రిలో, ఎడ్రినలిన్ పక్కన పెట్టుకుని, ఆవగింజంతతో మొదలుపెట్టి పెంచుతూ. ఇంట్లో మాత్రం చేయకూడదు.

పసిబిడ్డకి ఇవి ఆలస్యంగా పెడితే మంచిదా?

తలకిందులు. ఇరవై ఏళ్ల కిందటిదాకా డాక్టర్లే అలా అన్నారు. వేరుశనగ మూడేళ్లు నిండేదాకా పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పింది. అక్కడ వేరుశనగ అలర్జీ తగ్గకపోగా పెరిగింది. లండన్ డాక్టర్ గిడియాన్ లాక్‌కి ఒక విచిత్రం కనిపించింది: లండన్‌లోని యూదుల పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్ పిల్లల్లో కంటే పది రెట్లు ఎక్కువ. జాతి ఒకటే. తేడా ఏమిటంటే ఇజ్రాయెల్‌లో ఏడాది నిండకముందే బాంబా అనే వేరుశనగ చిరుతిండి నోట్లో పెడతారు. దాని మీద ఆయన 640 మంది పసివాళ్లతో చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. అందరూ ఎగ్జిమాతోనో, గుడ్డు అలర్జీతోనో ఉన్నవాళ్లే. వేరుశనగకు దూరంగా పెంచినవాళ్లలో అయిదేళ్లకి 17.2 శాతం మందికి అలర్జీ వచ్చింది, తినిపించినవాళ్లలో 3.2 శాతానికే.

ఎందుకంటే, నోటి దారిన వచ్చినదాన్ని ఒళ్లు తిండిగా ఒప్పుకుంటుంది. పగిలిన చర్మం దారిన వచ్చినదాన్ని శత్రువంటుంది. దీనికి జపాన్‌లో పెద్ద సాక్ష్యమే దొరికింది. గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడినవాళ్లు, అప్పటిదాకా గోధుమ హాయిగా తిన్నవాళ్లు, రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు.

ఇది చదివినప్పటి నుంచీ మన నలుగు గురించి ఆలోచిస్తున్నాను. నిగనిగలాడే చర్మానికి శనగపిండితో ఏ ఇబ్బందీ లేదు. ఎగ్జిమాతో పగిలి రసి కారే బుగ్గలమీద శనగపిండి, నువ్వులనూనె రుద్దడం మాత్రం నాకు ధైర్యం చాలదు. ముందు ఆ చర్మానికి మందు రాయించాలి.

మరి ఎలా పెట్టాలి? ఆరో నెల నిండాక అన్నప్రాశనలో పరమాన్నం నాకిస్తాం కదా, పాలు అక్కడే మొదలయ్యాయి. తర్వాత వారాల్లో, ఒక్కోటి మధ్య రెండు మూడు రోజులు వదిలి, బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా దంచిన వేరుశనగ పొడి ఉగ్గులో చిటికెడు. గింజ మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. పొద్దుటిపూట పెట్టండి, బిడ్డ రెండు గంటలు కళ్లముందు ఉంటుంది. పడితే వారానికి రెండుమూడుసార్లు మానకుండా పెట్టండి. ఎగ్జిమా బాగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరుకి చూపించండి.

బడిలో, అంగన్‌వాడీలో, చుట్టాలింట్లో ఎలా?

ముందు లేబుల్ సంగతి. గోధుమ జాతి ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగతో పాటు జీడిపప్పు బాదం లాంటివి, సోయా, సల్ఫైట్లు. ఇవి ఉంటే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. జాబితాలో నువ్వులు లేవు. అమెరికా 2023 నుంచీ చేర్చుకుంది. శనగపప్పు, మినప్పప్పు కూడా లేవు, మనవాళ్లలో వాటికి అలర్జీలు ఉన్నా. ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమపిండో, మైదానో ఉంటుంది. పప్పులో గోధుమేమిటి అని ఎవరికీ తట్టదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌లో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. సర్కారు బడి మధ్యాహ్న భోజనంలో ఉడికిన గుడ్డు, వేరుశనగ చిక్కీ వస్తాయి. ఇవి లక్షలమంది పిల్లల్ని నిలబెడుతున్న తిళ్లు, మానమని అనను. పడని బిడ్డ ఉంటే ఆ ఒక్క బిడ్డ పేరు, పడని వస్తువు, ఏం కనిపిస్తే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఈ నాలుగూ తెలుగులో ఒక కాగితం మీద రాసి టీచరుకీ, వంట చేసే అమ్మకీ ఇవ్వండి. వంట చేసే అమ్మకి ఇవ్వడం చాలామంది మరిచిపోతారు.

ఇక చుట్టాలు. "పాపకి జీడిపప్పు పడదు" అని చెల్లెలు రెండేళ్లు చెప్పింది. ఎవరూ లెక్కచేయలేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఏదో పడదు. ఇప్పుడు ఆ మాట మానేసింది. "జీడిపప్పు తింటే పాపకి ఊపిరి ఆగిపోతుంది, ఒకసారి ఆసుపత్రిలో పెట్టాం" అంటుంది. చేతులు వాటంతటవే వెనక్కి పోతున్నాయి.

పెద్దమ్మకి కూడా సంక్రాంతి తర్వాత కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. విని ఏమీ అనలేదు. మొన్న లడ్డూలు చుట్టేటప్పుడు చూశాను. జీడిపప్పు డబ్బా మూత తీయకముందే పాప వాటా వేరే గిన్నెలోకి, వేరే గరిటెతో తీసి, మూతపెట్టి పై అరలో పెట్టింది. వంకాయ మాత్రం ఇంకా ముట్టదు.